ఆర్కిటిక్ మంకీస్ ‘ది కార్’ విన్నారా? కొత్త ఆల్బమ్‌పై తొలి అభిప్రాయాలు

రాత్రిరేడియో (హైదరాబాద్) – 21 అక్టోబరు 2022, ఉదయం 9:10

బ్రిటన్ రాక్ బృందం ఆర్కిటిక్ మంకీస్ ఏడో ఆల్బమ్ ‘ది కార్’ ఈ రోజు విడుదలైంది. పాటలు పది, మొత్తం నిడివి 37 నిమిషాలు. ఆగస్టు చివర్లో ‘దేర్డ్ బెటర్ బీ ఎ మిర్రర్‌బాల్’, సెప్టెంబరు చివర్లో ‘బాడీ పెయింట్’, మొన్న మంగళవారం ‘ఐ ఎయింట్ క్వైట్ వేర్ ఐ థింక్ ఐ యామ్’ వచ్చినప్పుడే గాలి ఎటు వీస్తోందో మనలో చాలామంది పసిగట్టారు. అయినా ఆ మూడింటినీ విడివిడిగా వినడం వేరు, మిగిలిన ఏడింటి మధ్య వాటి వాటి స్థానాల్లో వినడం వేరు.

నా అభిప్రాయంతోనే మొదలుపెడతాను. ఇది నెమ్మదైన ఆల్బమే గాని నీరసమైనది కాదు. మొదటి పాట మొదలయ్యాక దాదాపు నిమిషం దాకా గాయకుడు అలెక్స్ టర్నర్ గొంతు వినబడదు. పియానో, దాని వెనుక తీగవాద్యాలు, ఆ తరువాత ఏ తొందరా లేకుండా వచ్చి చేరే డ్రమ్స్. ఇదే బృందం 2007లో డ్రమ్స్ మోతతో ఆల్బమ్ తెరిచిందని తెలిసినవారికి ఈ నిమిషం ఒక ప్రకటన లాగే వినిపిస్తుంది. గిటార్ లేకపోలేదు, కాకపోతే ముందు వరుసలో లేదు. ఎక్కడ రావాలో ముందే నిర్ణయించుకొని, అక్కడ మాత్రమే వస్తోంది.

మొత్తం ఒక్కసారైనా విన్నాకే రాయవలసిందిగా మనవి. ఇదే రోజున టేలర్ స్విఫ్ట్ ‘మిడ్‌నైట్స్’ కూడా వచ్చింది గనుక బయట పోలికలు మొదలయ్యాయి. వాటిని ఇక్కడికి తేవద్దు.

కుండపోత (వరంగల్) – 21 అక్టోబరు, ఉదయం 10:32

మొత్తం విన్నాను గనుక రాసే అర్హత ఉందనుకుంటున్నాను. నాకు నచ్చలేదు.

2013లో వీళ్ల ‘ఏ.ఎం.’ ఆల్బమ్ వచ్చినప్పుడు నేను ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో ఉన్నాను. ‘డూ ఐ వానా నో?’లోని ఆ ఒక్క గిటార్ వరస కోసమే మా హాస్టల్‌లో సగం మంది గిటార్ నేర్చుకోవడం మొదలుపెట్టారు. అందులో ముప్పాతిక మంది ఆ వరస వరకే నేర్చుకొని ఆపేశారనుకోండి, అది వేరే సంగతి. ఐదేళ్లు ఎదురుచూస్తే 2018లో చంద్రుడి మీద హోటల్ కట్టి, అందులో పియానో పెట్టి ‘ట్రాంక్విలిటీ బేస్ హోటల్ అండ్ కసీనో’ ఇచ్చారు. సరే, ఒకసారికి ముచ్చట తీర్చుకున్నారులే అనుకున్నాం. మళ్లీ నాలుగేళ్లు ఆగితే ఇది.

నా అభ్యంతరం నెమ్మది మీద కాదు. మ్యాట్ హెల్డర్స్ వంటి డ్రమ్మర్‌ను దగ్గర పెట్టుకొని తాళం తప్పకుండా చూసే పనికి పరిమితం చేయడం మీద. జేమీ కుక్ గిటార్ ఎక్కడుందో వెతుక్కోవలసి రావడం మీద. ఇది అలెక్స్ టర్నర్ సొంత ఆల్బమ్. అట్ట మీద బృందం పేరు ఎందుకు వేశారో నాకు అర్థం కాలేదు.

సన్నజాజి (గుంటూరు) – 21 అక్టోబరు, ఉదయం 11:05

నేను వీళ్లను రీల్స్‌లో ‘ఐ వానా బీ యువర్స్’ విని తెలుసుకున్నదాన్ని. అదీ నెమ్మదైన పాటే కదా? నాకు ఈ ఆల్బమ్ కొత్తగా ఏమీ అనిపించలేదు, బాగానే ఉంది. పాతవాళ్లకు ఇంత కోపం ఎందుకో ఎవరైనా చెప్తారా?

పాతక్యాసెట్ (బెంగళూరు) – 21 అక్టోబరు, మధ్యాహ్నం 1:48

సన్నజాజి గారూ, ఆ కోపానికి వయసు పదమూడేళ్లు.

2006 జనవరిలో వీళ్ల మొదటి ఆల్బమ్ బ్రిటన్‌లో ఒక్క వారంలో 3,63,735 ప్రతులు అమ్ముడైంది. ఒక బృందం తొలి ఆల్బమ్ అంత వేగంగా అమ్ముడవడం అక్కడ అదే మొదలు. షెఫీల్డ్ కుర్రాళ్లు, రాత్రివేళ క్లబ్బుల ముందు వరుసలు, టాక్సీల కోసం తగాదాలు, అన్నీ ఊపిరాడని వేగంతో పాడారు. అభిమానులు ఆ చిత్రాన్ని గోడకు తగిలించి, ఇక మారడానికి వీల్లేదన్నారు. 2009లో వీళ్లు అమెరికన్ రాక్ సంగీతకారుడు జాష్ హోమ్‌తో కాలిఫోర్నియా ఎడారికి వెళ్లి ‘హంబగ్’ ఆల్బమ్ చేసుకొని వచ్చేసరికి, ఇప్పుడు కుండపోత గారు రాసినట్టే అప్పుడూ రాశారు. నేనూ చదివాను. చిత్రమేమిటంటే ‘హంబగ్’ను తిట్టినవారిలో కొందరు ఇప్పుడు దాన్ని తలచుకొని నిట్టూరుస్తున్నారు.

రెండో విషయం. ఈ నెమ్మది ఆకాశం నుంచి ఊడిపడలేదు. రెండో ఆల్బమ్ చివర ఉన్న ‘505’ ఎలా మొదలవుతుందో గుర్తు చేసుకోండి. ఒక ఆర్గన్, ఒక గొంతు, అంతే. అదే ఆల్బమ్‌లో ‘ఓన్లీ వన్స్ హూ నో’లో డ్రమ్స్ ఊసే లేదు. 2008లో టర్నర్, మైల్స్ కేన్ కలిసి ‘ది లాస్ట్ షాడో పపెట్స్’ పేరుతో చేసిన ఆల్బమ్ నిండా ఆర్కెస్ట్రాయే. వాద్య అమరిక ఓవెన్ పాలెట్‌ది, నిర్మాత ఇప్పుడున్న జేమ్స్ ఫోర్డే. 2011లో ‘సబ్‌మరీన్’ సినిమా కోసం టర్నర్ ఒక్కడే చేసిన పాటల్లో గొంతు పెంచిన చోటు దాదాపు లేదు. పక్క వాకిట్లో పదిహేనేళ్లుగా పెరుగుతున్నది ఇప్పుడు ఇంట్లోకి వచ్చింది.

ఇక మీరు చెప్పిన పాట. దాని మాటలకు మూలం జాన్ కూపర్ క్లార్క్ అనే కవి రాసిన కవిత. అది ‘ఏ.ఎం.’లో చివరి పాట, కనుక అక్కడ కూడా చివరి మాట నెమ్మదికే దక్కింది. కుండపోత గారు ఆ పాట దాకా వినకుండా ఆపేవారేమో!

కుండపోత – 21 అక్టోబరు, మధ్యాహ్నం 2:20

పూర్తిగానే వినేవాణ్ణి సార్. పదకొండు మోత పాటల తరువాత ఒక నెమ్మది పాట వస్తే దాని విలువ తెలుస్తుంది. పదికి పదీ అలాగే ఉంటే దేనికీ తెలియదు. నేను అంటున్నది ఇదే.

నాలుగోతీగ (విజయవాడ) – 21 అక్టోబరు, రాత్రి 9:37

నేను కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చుకున్నదాన్ని. రాక్ సంగీతంలో తీగవాద్యాలు వినబడితే చెవి అటే పోతుంది. చాలా బృందాలు ఆర్కెస్ట్రాను పాట మీద పోసే నెయ్యిలాగా వాడతాయి. పల్లవి రాగానే నలభై వయొలిన్లు ఒకేసారి పైకి లేస్తాయి, అందరూ ఆహా అంటారు. ఇందులో ఆ పని చాలా తక్కువ చోట్ల జరిగింది.

‘మిర్రర్‌బాల్’నే తీసుకోండి. గొంతు పాడుతున్నంతసేపూ తీగవాద్యాలు చాలావరకు అణిగి ఉంటాయి. టర్నర్ ఒక వాక్యం ముగించి ఊపిరి తీసుకునే సందులో అవి వచ్చి, ఆ వాక్యం చివరి స్వరాన్ని అందుకొని, కొంచెం కిందికి దించి వదిలేస్తాయి. కచేరీలో గాయకుడు సంగతి (ఒక వరసను మార్చి పాడే తీరు) ముగించాక వయొలిన్ దాన్ని అందుకొని తిరిగి పలికించే పద్ధతి మనకు పుట్టుకతో తెలిసినదే గనుక నాకు ఇది వెంటనే పట్టుబడింది. వాళ్లది వేరే సంప్రదాయం, వాళ్లకు ఆ ఆలోచన మన దగ్గర నుంచి వచ్చిందని అనడం లేదు. వినే చెవికి దారి దొరికిందని మాత్రమే అంటున్నాను.

వాద్య అమరికలో టర్నర్, ఫోర్డ్‌లతో పాటు బ్రిడ్జెట్ శామ్యూల్స్ పేరు ఉంది. ఆమె పనితనం ‘బిగ్ ఐడియాస్’లో తేటగా కనిపిస్తుంది. ఆ పాట మాటల్లోనే ఆర్కెస్ట్రా ప్రస్తావన వస్తుంది, పెద్ద పెద్ద ఊహలు చేసి ఇప్పుడు అవేమిటో గుర్తుచేసుకోలేకపోతున్న మనిషి పాడే పాట అది. అటువంటి పాటలో వాద్యబృందం గొప్పగా విజృంభిస్తే మాటలు అబద్ధమైపోయేవి. అందుకే అది పైకి లేవబోయి, సగంలో ఆగుతుంది. ఇళయరాజా గారి ‘హౌ టు నేమ్ ఇట్’ వాద్య ఆల్బమ్ వింటూ పెరిగినవాళ్లకు, తీగవాద్యాలు కథ చెప్పగలవని వేరే చెప్పనక్కరలేదు.

నాకు నచ్చనిది కూడా ఉంది. ‘జెట్ స్కీస్ ఆన్ ది మోట్’ ఎక్కడికీ పోలేదు. రెండుసార్లు విన్నా, వాతావరణం తప్ప స్వరం గుర్తుండలేదు.

మిక్సింగ్‌గది (హైదరాబాద్) – 22 అక్టోబరు, ఉదయం 7:55

శబ్దగ్రహణం నా వృత్తి గనుక, ‘వినబడటం లేదు’ అనే ఫిర్యాదు గురించి నాలుగు మాటలు రాస్తాను. కుండపోత గారు మొదటిసారి దేని మీద విన్నారో తెలియదు గాని, ఫోను స్పీకరు మీద విన్నవారు ఈ ఆల్బమ్‌లో మూడో వంతు విననట్టే.

పాటలన్నీ ఒకే స్థాయిలో మోగేలా బిగించి తయారుచేయడం ఇరవై ఏళ్లుగా అలవాటైపోయింది. అలా బిగిస్తే నెమ్మది భాగానికీ మోత భాగానికీ తేడా చెరిగిపోతుంది, కానీ చిన్న స్పీకరు మీద కూడా అన్నీ వినబడతాయి. ఈ ఆల్బమ్‌లో ఆ బిగింపు తక్కువ. డ్రమ్స్‌ను గది గాలితో సహా పట్టుకున్నారు. స్ట్రీమింగ్ సేవలు కూడా ఇప్పుడు ప్రతి పాటనూ ఒక సగటు స్థాయికి తెచ్చి వినిపిస్తాయి. స్పాటిఫైలో అది మామూలుగా, సగటు ధ్వని తీవ్రతను కొలిచే ప్రమాణంలో, మైనస్ 14 ఎల్‌.యు.ఎఫ్‌.ఎస్. అంటే విపరీతంగా బిగించిన పాటను అది తగ్గించే వినిపిస్తుంది కనుక, బిగించినందువల్ల దక్కే లాభం పోయింది. ఇలాంటి నెమ్మది ఆల్బమ్ చేయడానికి సాంకేతికంగా ఇంతకన్నా మంచి కాలం లేదు.

ఇప్పుడు ‘స్కల్ప్చర్స్ ఆఫ్ ఎనీథింగ్ గోస్’ పెట్టండి. డ్రమ్ మెషీన్ మీద మందమైన సింథసైజర్ మంద్రస్వరం నడుస్తుంది. మంచి హెడ్‌ఫోన్‌లో అది ఛాతీకి తగులుతుంది. ఫోనులో అది అసలు ఉండదు, పైన గొంతు మాత్రం గాలిలో వేలాడుతూ ఉంటుంది. అప్పుడు పాట ఖాళీగా ఉందనిపించడం సహజమే. ఆల్బమ్ అంతటిలోనూ బరువైన పాట అదే, అందులో గిటార్ మోత లేకపోయినా.

అన్నట్టు, ఆ పాట మాటల్లోనే తమ కొత్త శబ్దం భయంకరంగా ఉందని అభిమానులు అనబోయే మాటను ముందుగానే అనేసుకున్నారు. మన చర్చ కూడా వాళ్లు ఊహించినదే.

కుండపోత – 22 అక్టోబరు, ఉదయం 9:14

విన్నది హెడ్‌ఫోన్‌లోనే, అదీ తీగ ఉన్నదానిలో. మీరు చెప్పిన పాట నాకూ నచ్చింది, ఆ మాట నిన్న రాయకపోవడానికి కారణం కోపం తప్ప మరేమీ కాదు. కానీ ఒక్కటి అడుగుతాను. మంచి పరికరం, నిశ్శబ్దమైన గది, నాలుగుసార్లు వినే ఓపిక, ఇవన్నీ ఉంటేనే గాని అందని సంగీతం గొప్పదని ఎందుకు ఒప్పుకోవాలి? ‘ఏ.ఎం.’ను నేను ఆర్టీసీ బస్సులో కిటికీ పక్కన కూర్చొని, రూ. 300 ఇయర్‌ఫోన్‌లో విన్నాను. అందింది. ఎల్లుండి దీపావళి, మా వీధిలో ఇప్పటికే టపాకాయలు మొదలయ్యాయి. ‘పర్ఫెక్ట్ సెన్స్’ చివరి భాగం రెండుసార్లు లక్ష్మీబాంబుల పాలైంది.

రాత్రిరేడియో – 22 అక్టోబరు, ఉదయం 9:40

అది మూడు నిమిషాలైనా లేని పాట, దాన్ని కూడా బతకనివ్వలేదా మీ వీధివాళ్లు!

ఉక్కునగరం (షెఫీల్డ్) – 22 అక్టోబరు, రాత్రి 11:26

మాది విశాఖ ఉక్కునగరం. చదువు కోసం వచ్చి చేరింది మళ్లీ ఉక్కుకు పేరుపడ్డ ఊరే. ఈ ఊళ్లో తెలుగు విద్యార్థులు ఇప్పుడు చాలామంది ఉన్నారు. మేం ఉంటున్న ఇంట్లోనే నలుగురం. నిన్న సాయంత్రం వంట చేస్తూ ఈ ఆల్బమ్ పెట్టాం. నలుగురిలో ఇద్దరికి ఎక్కలేదు, ఒకడు ఇది పాత జేమ్స్ బాండ్ సినిమా సంగీతంలా ఉందని పప్పు తాలింపు వేస్తూ తీర్పు చెప్పేశాడు.

ఇక్కడ ఉండి వింటే నాకు ఎక్కువగా తట్టింది గొంతు. బృందంవాళ్లు ఈ ఊరి ఉత్తర కొసన ఉన్న హై గ్రీన్ ప్రాంతం పిల్లలు. మొదటి ఆల్బమ్‌లో టర్నర్ పలికిన తీరు మా బస్సు డ్రైవర్లు పలికే తీరే. ఆ యాస నాకు ఇక్కడికి వచ్చిన మొదటి నెలలో ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, తరువాత ఆ పాటలు వింటే ఊరంతా వాటిలో కనబడింది. ‘ది కార్’లో ఆ యాస చాలావరకు కరిగిపోయింది. 1960ల నాటి హోటల్ వేదిక మీద కోటు వేసుకొని పాడే గాయకుడిలా పాడుతున్నాడు, సందు దొరికితే సన్నని గొంతులోకి జారుకుంటున్నాడు. ఇక్కడి స్నేహితుల్లో కొందరికి బాధ కలిగించేది గిటార్ తగ్గడం కాదు, ఇదే. తమ ఊరి కుర్రవాడు తమలా మాట్లాడటం మానేశాడని.

నాకైతే అందులో తప్పు కనబడదు. ఇరవై ఏళ్ల వయసులో టాక్సీ వరుసల గురించి పాడినవాడు ముప్పై ఆరేళ్లకు కూడా వాటి గురించే పాడితే అది నటన. అట్ట చూడండి: లాస్ ఏంజెలెస్‌లో ఒక భవనం పైకప్పు మీది పార్కింగ్ స్థలం, అందులో ఒంటరిగా ఒక తెల్ల టయోటా కరోలా. ఆ ఫొటో తీసింది డ్రమ్మర్ హెల్డర్స్. ఆల్బమ్ పేరుకు ప్రేరణ కూడా ఆ ఫొటోయే. డ్రమ్స్ తగ్గించారని బాధపడుతున్న కుండపోత గారికి ఇది ఎంతవరకు ఊరటో తెలియదు.

కుండపోత – 22 అక్టోబరు, రాత్రి 11:41

ఊరట లేదు తమ్ముడూ. డ్రమ్మర్ చేత ఫొటోలు తీయించుకున్నారన్నమాట!

సన్నజాజి – 23 అక్టోబరు, ఉదయం 8:22

మాటల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. నేను మాటలు దగ్గర పెట్టుకొని విన్నాను. సగం పాటల్లో సినిమా చిత్రీకరణ, వేదిక, వేషం, రంగు, ఈ గొడవే ఉంది. ‘మిర్రర్‌బాల్’లో విడిపోబోతున్న ఇద్దరు కారు దాకా నడుస్తుంటే, ఆ ముగింపుకు కూడా నృత్యశాలలో వేలాడే అద్దాల బంతి కావాలంటాడు. ‘బాడీ పెయింట్’లో ఎవరో ఏదో దాచారు, వేసుకున్న రంగు పూర్తిగా కడుక్కోలేదు, ఆ మరక పట్టించింది. నాకు అర్థమైనంతలో ఇవన్నీ, తాను మామూలుగా బాధపడుతున్నాడా లేక బాధను ప్రదర్శిస్తున్నాడా అనేది తనకే తెలియని మనిషి పాడే పాటలు. అంత అలంకారం, ఆ ఆర్కెస్ట్రా, ఆ కోటు గొంతు అందుకే ఉన్నాయనుకుంటే నాకు అన్నీ కలిశాయి.

అర్థం కానివీ బోలెడు. ‘హలో యూ’లో సగం వాక్యాలు దేని గురించో నాకు తెలియలేదు.

పాతక్యాసెట్ – 23 అక్టోబరు, ఉదయం 10:03

రీల్స్‌లో తెలుసుకున్నానంటూ వచ్చి మా అందరికన్నా బాగా చదివారమ్మా. ‘హలో యూ’ విషయంలో మేమూ మీ పక్కనే ఉన్నాం. కాకపోతే ఆ పాటలో పాత బృందం నడక కొంచెం తొంగిచూస్తుంది కాబట్టి మాటలు తెలియకపోయినా సాగిపోతుంది.

మీ మాటకు ఒక చిన్న తోడు. ఆల్బమ్‌లో ఎక్కువ భాగం 2021 వేసవిలో ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో ఉన్న బట్లీ ప్రయరీలో చేశారు. అది పద్నాలుగో శతాబ్దంలో కట్టిన మఠం ముఖద్వారం, తరువాత నివాసంగా మార్చారు. స్టూడియో కాని చోట అందరూ ఒకే కప్పు కింద ఉండి వాయించారు. లండన్‌లోని ‘రాక్’ (RAK) అనే స్టూడియోలో, పారిస్ శివార్లలోని లా ఫ్రెట్ స్టూడియోలో మిగతా పని జరిగింది. ‘ఇది బృందం ఆల్బమ్ కాదు’ అనే వాదనను నేను ఒప్పుకోకపోవడానికి ఇదొక కారణం. నలుగురు ఒకచోట కూర్చొని తక్కువ వాయించాలని నిర్ణయించుకోవడం కూడా బృందం చేసే పనే. పేరూ ఊరూ లేని వాద్యకారుల చేత టర్నర్ ఇది చేయించి ఉంటే ‘బాడీ పెయింట్’ చివర అలా వచ్చేది కాదు.

మిక్సింగ్‌గది – 23 అక్టోబరు, ఉదయం 11:30

ఆ చివరి గురించే రాద్దామనుకుంటున్నాను. పాట పియానోతో, సన్నని గొంతుతో మొదలవుతుంది. మధ్యలో వరస మారి, గొంతు కిందికి దిగి, డ్రమ్స్ బరువు పెరుగుతుంది. చివర్లో ఒకే వాక్యం మళ్లీ మళ్లీ పాడుతుండగా గిటార్ చీలిన ధ్వనితో పైకి వస్తుంది. ఆల్బమ్ అంతటిలో నేను ధ్వని తగ్గించుకోవడానికి చేయి చాచిన ఏకైక స్థలం అది. అంతకుముందు నాలుగు పాటలు ఆ గిటార్‌ను బిగపట్టి ఉంచాయి గనుకనే అది అంత పెద్దగా వినిపించింది. మీటరు మీద చూస్తే ‘ఏ.ఎం.’లోని ఏ మామూలు పాట కన్నా అది పెద్ద మోతేమీ కాదు. కుండపోత గారు ఒక నెమ్మది పాటకు విలువ రావాలంటే చుట్టూ మోత ఉండాలన్నారు. ఇక్కడ అదే లెక్క తిరగబడింది.

నాలుగోతీగ – 23 అక్టోబరు, మధ్యాహ్నం 12:12

అవును. అక్కడ తీగవాద్యాలు కూడా గిటార్‌తో పోటీకి దిగవు, పక్కకు తప్పుకుంటాయి. టైటిల్ పాటలో కూడా గిటార్ ఒకచోట అలాగే ముందుకు వస్తుంది, దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు.

రాత్రిరేడియో – 29 అక్టోబరు, ఉదయం 8:30

వారం గడిచింది గనుక ఒక సమాచారం: బ్రిటన్ ఆల్బమ్‌ల పట్టికలో ‘ది కార్’ రెండో స్థానంలో మొదలైంది. మొదటిది ఎవరిదో చెప్పను, నియమం పెట్టిందే నేను. ఇంతకుముందు వీళ్ల ఆరు స్టూడియో ఆల్బమ్‌లూ అక్కడ మొదటి స్థానానికే చేరాయి. ఓటమి అనుకునేవారు అనుకోవచ్చు గాని, ఇంత నెమ్మదైన ఆల్బమ్ ఆ స్థానం దాకా వెళ్లడమే నాకు ఆశ్చర్యంగా ఉంది.

ఉక్కునగరం – 29 అక్టోబరు, సాయంత్రం 6:05

వచ్చే జూన్‌లో ఇక్కడి హిల్స్‌బరో పార్కులో కచేరీలు ఉన్నాయి. మా ఇంటి నుంచి ట్రామ్‌లో వెళ్లిపోవచ్చు. పప్పు తాలింపు తీర్పరి కూడా వస్తానంటున్నాడు, కాకపోతే పాత పాటల కోసమట. అంత పెద్ద మైదానంలో, ఆరుబయట, ‘మిర్రర్‌బాల్’ మొదటి నిమిషం ఎవరికి వినబడుతుందో అని నాకు అనుమానం.

మిక్సింగ్‌గది – 29 అక్టోబరు, రాత్రి 8:47

బ్రూక్లిన్‌లోని కింగ్స్ థియేటర్‌లో సెప్టెంబరులో చేసిన కచేరీ దృశ్యం చూడండి. నలుగురికి తోడు వేదిక మీద అదనపు వాద్యకారులు ఉన్నారు. అది పైకప్పు ఉన్న పాత థియేటరు, ధ్వని నిలుస్తుంది. పార్కులో అలా నిలవదు. నా అంచనాలో పార్కులో కొత్తవాటిలో మూడు నాలుగు పాటలే పాడతారు, మిగతా సమయం పాతవాటిదే. ‘బాడీ పెయింట్’ మాత్రం మైదానంలో చివరి గిటార్‌ను ఎంత సాగదీసినా తట్టుకుంటుంది.

కుండపోత – 29 అక్టోబరు, రాత్రి 9:20

వారమంతా విన్నాక నా లెక్క ఇది. ‘స్కల్ప్చర్స్’, ‘బాడీ పెయింట్’, ‘హలో యూ’ ఉంచుకున్నాను. మిగిలిన ఏడూ ఫోనులోంచి తీసేశాను. తమ్ముడూ, హిల్స్‌బరోలో ‘డూ ఐ వానా నో?’ మొదలైనప్పుడు ఒక్క నిమిషం వీడియో తీసి ఇక్కడ పెట్టు. వయొలిన్లు వచ్చే చోట తీయనక్కరలేదు, అవి నాలుగోతీగ గారి కోసం విడిగా తీయి.